ముప్పై ఏళ్లకు పైగా అద్దెకుంటున్న పెద్దవాళ్లను నెలలో ఖాళీ చేయమంటున్నారు, చట్టం ఏమంటుంది?

నల్లకుంట_నివాసి

అందరికీ నమస్తే. మా పెద్దనాన్నకు 81, పెద్దమ్మకు 76. హైదరాబాద్ నల్లకుంటలో ఒక పాత పెంకుటింట్లో 1988 నుంచి అద్దెకుంటున్నారు. రెండు గదులు, వంటిల్లు, వెనకాల కొంచెం జాగా. ఇప్పుడు అద్దె 2,600. పాత ఓనర్ గారు ఉన్నన్నాళ్లూ కాగితం మీద అగ్రిమెంట్ అంటూ ఏమీ లేదు, నెలనెలా ఆయనే చిన్న రసీదు పుస్తకంలో రాసిచ్చేవారు. ఆయన పోయాక కొడుకులు ఇంటిని ఒక బిల్డర్‌కు అమ్మేశారట. ఈ మధ్య ఇద్దరు మనుషులు వచ్చి నెలలో ఖాళీ చేయాలి అని చెప్పి, ఏదో టైపు చేసిన కాగితం మీద సంతకం పెట్టమన్నారు. "మా అబ్బాయి వచ్చాక చూస్తాడు, అప్పటిదాకా పెట్టను" అని పెద్దమ్మ గట్టిగా చెప్పింది. ఆ తర్వాత మోటారు స్విచ్ ఉన్న పెట్టెకు తాళం వేసేశారు. పక్కింటివాళ్లు బిందెలతో నీళ్లు ఇస్తున్నారు. పెద్దనాన్నకు మోకాళ్లు వంగవు, బకెట్ ఎత్తలేరు. పిల్లలు లేరు, చూసుకునేది నేనే.

ఒకాయనేమో పన్నెండేళ్లు దాటితే ఇల్లు మీదే అంటున్నాడు. ఇంకొకాయన సీనియర్ సిటిజన్ చట్టం కింద ఆర్డీవో దగ్గరికి వెళ్లమంటున్నాడు. ఏది నిజమో తెలిసినవాళ్లు చెప్పండి, రాత్రిళ్లు టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

ఓరుగల్లు_చందు

అన్నా, ముందు ఆ కాగితం మీద ఎవరూ సంతకం పెట్టకుండా చూడు. వేలిముద్ర కూడా వద్దు. పెద్దమ్మ చేసిన పని బంగారంలాంటిది. ఇలాంటి కాగితాల్లో "మేము ఇష్టపూర్వకంగా ఖాళీ చేస్తున్నాం, మాకు రావలసింది ఏమీ లేదు" అని ఉంటుంది, తర్వాత కోర్టులో అదే చూపిస్తారు. ఆ తాళానికి ఇవాళే ఫొటో తియ్యి, తేదీ కనపడేలా.

కోర్టుమెట్లు

నేను సిటీలో అద్దె కేసులు చూసే లాయర్‌ని. కేసు కాగితాలు చూడకుండా పూర్తి సలహా ఇవ్వలేను, కానీ మీరు అడిగిన రెండింటికీ సూటిగా జవాబు చెప్తాను.

పన్నెండేళ్ల మాట పూర్తిగా తప్పు. అద్దెకు దిగినవాళ్లు ఎన్నేళ్లున్నా అద్దెదారులే, యజమాని అనుమతితో ఉన్నవాళ్లు కాబట్టి ఇల్లు వాళ్లది కాదు. పైగా మీ పెద్దనాన్న గారు కోపంలో "నువ్వు ఓనర్‌వే కాదు, ఇల్లు మాది" అని రాతపూర్వకంగా అన్నారనుకోండి, యజమాని హక్కును సరైన కారణం లేకుండా కాదన్నారు అంటూ దాన్నే ఖాళీ చేయించడానికి ఆధారంగా చూపిస్తారు. ఇది చాలామందికి తెలియదు. వాట్సాప్ మెసేజ్‌లో కూడా ఆ మాట రానివ్వకండి.

సీనియర్ సిటిజన్ చట్టం, అంటే 2007లో వచ్చినది, పిల్లలు, వారసులయ్యే బంధువులు పెద్దవాళ్లను చూడకపోతే పనికొస్తుంది. ఇంటి ఓనర్ మీద అది పనిచేయదు. ఆర్డీవో ఆఫీసు చుట్టూ తిరిగి కాలం పోగొట్టుకోవద్దు. మన చట్టంలో అద్దెదారుకు 60 దాటిందా 80 దాటిందా అన్నదాన్ని బట్టి ప్రత్యేకమైన రక్షణ లేదు, ఇది చేదు నిజం.

అయితే మీకున్న అసలు బలం వేరేది. తెలంగాణలో 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం ఇంకా నడుస్తోంది. 2005 సవరణ ప్రకారం కార్పొరేషన్ పరిధిలో నెలకు 3,500 దాటని అద్దె ఇళ్లకు, కట్టి 15 ఏళ్లు దాటినవాటికి అది వర్తిస్తుంది. మీ 2,600 ఆ లోపలే ఉంది. ఇల్లు పాతది. కాబట్టి వాళ్లను పంపించాలంటే రెంట్ కంట్రోలర్ కోర్టులో పిటిషన్ వేసి, చట్టంలో రాసిన కారణాల్లో ఒకటి రుజువు చేసి, ఆర్డర్ తెచ్చుకోవాలి. బిల్డర్ నోటితో చెప్పిన "నెల గడువు"కు విలువ లేదు. లాయర్ నోటీసు వచ్చినా అది ఆర్డర్ కాదు.

ఆర్డర్ వచ్చినా ఖాళీ చేయించేది కోర్టు అమీనా, అంటే ఆర్డర్ అమలు చేసే కోర్టు ఉద్యోగి, బిల్డర్ మనుషులు కాదు, పోలీసులు వాళ్లంతట వాళ్లూ కాదు.

నీళ్ల సంగతికి వస్తే, అదే చట్టంలో 14వ సెక్షన్ ఉంది. ఓనర్ నీళ్లు, కరెంటు లాంటి సదుపాయాలు ఆపకూడదు. ఆపితే రెంట్ కంట్రోలర్ దగ్గర పిటిషన్ వేసి, మధ్యంతర ఆర్డర్ అడగవచ్చు. దానితోపాటు పోలీస్ స్టేషన్‌లో రాతపూర్వక ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి. "ఇది సివిల్ మ్యాటర్" అని పంపించేస్తే స్పీడ్ పోస్ట్‌లో పంపండి, ఇప్పుడు రిజిస్టర్డ్ పోస్ట్ కూడా దానిలోనే కలిసింది. రేపు బలవంతంగా లోపలికి వస్తే, సామాను బయట పడేస్తే, భారతీయ న్యాయ సంహితలో 329 (అక్రమ ప్రవేశం), 126 (అక్రమంగా అడ్డగించడం) ఉన్నాయి, అప్పుడు ఫోన్ 112.

నల్లకుంట_నివాసి

మేడమ్ చాలా థాంక్స్. ఇంకో గొడవ ఉంది. ఈ నెల అద్దె పాత ఓనర్ గారి పెద్దబ్బాయికి పంపితే "ఇల్లు నాది కాదు, వాళ్లకివ్వండి" అని వెనక్కి పంపేశాడు. బిల్డర్ మనిషికి ఇద్దామంటే "అద్దె మాకొద్దు, ఖాళీ చేయండి" అన్నాడు. ఇప్పుడు ఎవరికివ్వాలి?

రిటైర్డ్_గుమాస్తా

నాయనా, ఇదే అసలు వల. నేను ముప్పై ఏళ్లకు పైగా కోర్టులో ఫైళ్లు కట్టినవాణ్ణి. పెద్దవాళ్లు కేసు ఓడిపోయేది ఎక్కువగా ఇక్కడే, ఓనర్ అద్దె తీసుకోనన్నాడు కదా అని ఊరుకుంటారు, ఏడాది తర్వాత "కావాలనే అద్దె కట్టలేదు" అని కేసు పడుతుంది.

ముందు ఈసీ తీయించు, అంటే ఆ ఇంటి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాలు చూపించే సర్టిఫికెట్. మీసేవలో, ఆన్‌లైన్‌లో వస్తుంది. ఇల్లు నిజంగా ఎవరి పేరు మీదికి రిజిస్టర్ అయిందో, ఎప్పుడైందో తెలుస్తుంది. రిజిస్టర్ అయి ఉంటే కొత్త ఓనర్‌కే అద్దె. తెలియక ముందు పాత ఓనర్‌కు కట్టిన అద్దె మళ్లీ కట్టనక్కర్లేదు, ఆస్తి బదిలీ చట్టంలో 109 సెక్షన్ అదే చెప్తుంది. ఇల్లు అమ్మేస్తే అద్దెదారు హక్కు పోదు, ఇల్లుతో పాటే కొత్తవాడికి వెళ్తుంది.

తర్వాత కొత్త ఓనర్‌కు ఉత్తరం రాయి. "అద్దె జమ చేయడానికి మీ బ్యాంకు పేరు, ఖాతా చెప్పండి" అని. పది రోజుల్లో చెప్పకపోతే మనియార్డర్ చేయి, కమిషన్ అద్దెలోంచి తగ్గించుకోవచ్చు. దాన్నీ తిప్పి పంపితే, ఆ తిప్పి పంపిన కాగితం జాగ్రత్తగా పెట్టుకుని రెంట్ కంట్రోలర్ దగ్గర డిపాజిట్ చేసుకునే వీలు చట్టంలోనే ఉంది, 8వ సెక్షన్. మనియార్డర్ కూపన్ మీద "ఫలానా నెల అద్దె" అని తప్పకుండా రాయాలి. అది రాయకుండా వదిలేసి చిక్కుల్లో పడ్డవాళ్లను ఎంతోమందిని చూశాను.

ఆ పాత రసీదు పుస్తకం ఉంది చూశావా, అది మీ పెద్దనాన్న గారికి అగ్రిమెంట్ కంటే పెద్ద ఆస్తి. ప్రతి పేజీ ఫొటో తీసి, జిరాక్స్ తీయించి వేరే ఇంట్లో పెట్టు. ముసలివాళ్ల ఇంట్లో చెదలు, వాన చుక్కలు, పాత పేపర్లతో కలిపి అమ్మేయడం, ఇవన్నీ జరుగుతాయి.

కోర్టుమెట్లు

గుమాస్తా గారు చెప్పినది అక్షరాలా నిజం. ఒక్కటి కలుపుతాను. కేసు పడ్డాక కూడా నెలనెలా గడువు లోపు అద్దె జమ చేస్తూనే ఉండాలి. 11వ సెక్షన్ ప్రకారం బకాయిలు, ఆ తర్వాతి నెలల అద్దె కట్టకపోతే మీ వాదన వినకుండానే ఖాళీ చేయమని ఆర్డర్ ఇచ్చే అధికారం కంట్రోలర్‌కు ఉంది. "కావాలని చేసిన ఎగవేత కాదు" అని ఆయనకు అనిపిస్తే బకాయి కట్టడానికి 15 రోజుల వరకు గడువిచ్చి పిటిషన్ కొట్టేసే వీలూ ఉంది, కానీ దాని మీద ఆధారపడకండి.

ఓనర్_కూతురు

కోపం తెచ్చుకోకండి, అవతలి వైపు నుంచి ఒక మాట. మా అమ్మకు 79. నాన్న కట్టిన ఇంట్లో కింది భాగం ఒక కుటుంబానికి అద్దెకిచ్చాం, వాళ్లూ పెద్దవాళ్లే. ఆ అద్దెతో అమ్మ మందులు కూడా రావు. ఇప్పుడు అమ్మ మెట్లెక్కలేదు, కింది భాగం ఆమెకు కావాలి. కోర్టుకు వెళ్తే ఏళ్లు పడుతుందన్నారు. అద్దెదారు ముసలివాడైతే అందరికీ జాలి, ఓనర్ ముసలిదైతే "డబ్బుంది కదా" అంటారు. ఆ నీళ్లు ఆపేసినవాళ్లను సమర్థించడం లేదు, అది పాపం. కానీ చట్టంలో మాకూ దారి ఉందా అని అడుగుతున్నాను.

కోర్టుమెట్లు

ఉందమ్మా. సొంతంగా ఉండడానికి నిజంగా అవసరమైతే ఖాళీ చేయించుకోవచ్చు, 10వ సెక్షన్‌లో మూడో ఉపవిభాగం. ఇంట్లో మీరు ఉంటూ అదనంగా ఇంకో భాగం కావాలంటే, మీకు కలిగే లాభం కంటే అద్దెదారుకు కలిగే కష్టం ఎక్కువా అని కంట్రోలర్ తూస్తారు. అద్దెదారు వయసు, జబ్బులు, ఒంటరితనం లెక్కలోకి వచ్చేది ఇక్కడే. మీ అమ్మగారి వయసు, మోకాళ్లూ అలాగే లెక్కలోకి వస్తాయి. డాక్టర్ కాగితాలతో వేయండి.

అవసరం అని ఆర్డర్ తెచ్చుకుని, ఇల్లు చేతికి వచ్చాక నెలలోపు అందులో దిగకపోతే, దిగి ఆరు నెలల్లోపు సరైన కారణం లేకుండా వదిలేస్తే, పాత అద్దెదారు తిరిగి ఇల్లు ఇప్పించమని అడగవచ్చు. అబద్ధపు అవసరాలు చెప్పేవాళ్లకు ఆ నిబంధన ఆటంకం.

నల్లకుంట తమ్ముడూ, మీ కేసులో బిల్డర్ "నేను ఉండాలి" అనలేడు, కూలగొట్టి కట్టాలి అంటాడు. దానికి 12వ సెక్షన్ వేరుగా ఉంది. మరమ్మతులకైతే, అయ్యాక తిరిగి మీకే ఇస్తానని పూచీ ఇవ్వాలి. కూల్చి కట్టడానికైతే నిజంగా కట్టే ఉద్దేశం, ప్లాన్ అనుమతి, డబ్బు ఉన్నాయా అని చూస్తారు. ఇవన్నీ ఉంటే చివరికి వాళ్లు గెలిచే అవకాశం ఉంది, మీకు అబద్ధం చెప్పలేను. చట్టం మీ పెద్దనాన్న గారికి ఇచ్చేది శాశ్వతంగా ఉండే హక్కు కాదు, పద్ధతి ప్రకారం తప్ప కదిలించకూడదన్న హక్కు. దానికే చాలా విలువ ఉంది.

మేడ_మీద_గది

మా అత్తయ్య ఉండేది కూకట్‌పల్లిలో, అద్దె 9,000. ఆమెకు 70. ఇవన్నీ వర్తిస్తాయా?

కోర్టుమెట్లు

వర్తించవు, అద్దె 3,500 దాటింది. అక్కడ ఆస్తి బదిలీ చట్టం. నెలవారీ అద్దె అయితే 15 రోజుల నోటీసు, ఆ తర్వాత సివిల్ కోర్టులో దావా. కారణం కూడా చెప్పనక్కర్లేదు. అయినా దావా, డిక్రీ లేకుండా తాళం వేయడం అక్కడా కుదరదు. బలవంతంగా బయటికి నెట్టేస్తే స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్ కింద ఆరు నెలల్లోపు కేసు వేస్తే, ఎవరు ఓనర్ అన్నది చూడకుండా ముందు ఇంట్లోకి తిరిగి పంపిస్తారు. ఆ ఆరు నెలలు దాటనివ్వకండి. గుడి ఇల్లు, వక్ఫ్ ఇల్లు, సర్కారు క్వార్టర్ అయితే మళ్లీ లెక్క వేరు, వాటికి 1960 చట్టం ఉందనుకుని ధీమాగా కూర్చోవద్దు.

బెజవాడ_కృష్ణలంక

మాది విజయవాడ, మాకూ ఇదేనా?

కోర్టుమెట్లు

కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2017లో అద్దెలకు వేరే చట్టం చేశారు, కాబట్టి నేను చెప్పిన సెక్షన్ల నంబర్లు మీ లాయర్ ముందు పెట్టకండి. బలవంతంగా నెట్టేయకూడదన్న మూలసూత్రం మాత్రం దేశమంతా ఒకటే.

ఎడిసన్_నుంచి

న్యూజెర్సీ నుంచి రాస్తున్నాను, మా చుట్టుపక్కల చాలామంది తెలుగు అమ్మమ్మలు, తాతయ్యలు అద్దె అపార్ట్‌మెంట్లలో ఉంటారు. ఇక్కడ 1974 నుంచి సరైన కారణం లేకుండా అద్దెదారును పంపకూడదన్న చట్టం ఉంది, అది వయసుతో సంబంధం లేకుండా అందరికీ. దానిపైన 1981లో ఇంకోటి వచ్చింది. అద్దె అపార్ట్‌మెంట్‌ను కాండోగా, అంటే విడివిడిగా అమ్మే ఫ్లాట్లుగా మార్చి అమ్ముకునేటప్పుడు, 62 దాటినవాళ్లు, దివ్యాంగులు అర్హులైతే 40 ఏళ్ల వరకు ఖాళీ చేయించకూడదు. ఆదాయం, అక్కడ ఎన్నాళ్లుగా ఉంటున్నారు లాంటి షరతులున్నాయి. పక్కన న్యూయార్క్ సిటీలో 62 దాటి, ఆదాయం ఒక పరిమితి లోపు ఉంటే, కొన్ని రకాల ఇళ్లలో అద్దె పెరగకుండా ఆపే పథకం ఉంది. ఆ పెరుగుదల భారం ఓనర్ మీద పడకుండా ఆస్తిపన్నులో తగ్గిస్తారు. ఓనర్ కూతురు గారు రాసినది చదివాక ఇది చెప్పాలనిపించింది. పెద్దవాళ్లను కాపాడే ఖర్చు ఇంకో పెద్దావిడ నెత్తిన వేయకుండా ప్రభుత్వం మోస్తోంది. మన దగ్గర ఎవరైనా ఈ మాట అడగాలి.

ఓరుగల్లు_చందు

అడగాల్సిందే. మన నాయకులు పింఛను గురించి మాట్లాడతారు కానీ అద్దెకుండే ముసలివాళ్ల గురించి మాట్లాడింది నేనెప్పుడూ వినలేదు. ఆ పింఛను ఏ గదిలో కూర్చుని తినాలి మరి?

నల్లకుంట_నివాసి

అప్‌డేట్. ఈసీలో ఇల్లు నిజంగానే బిల్డర్ పేరు మీదికి మారింది. ఉత్తరం పంపాం, జవాబు లేదు, మనియార్డర్ తిరిగి వచ్చింది, కవరు దాచాం. నీళ్ల మీద 14 సెక్షన్ పిటిషన్ వేశాం. లాయర్ ఫీజు గురించి భయపడ్డాను కానీ న్యాయ సేవాధికార సంస్థలో పెద్దమ్మ పేరు మీద అడిగితే, ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్‌ను ఇస్తారని చెప్పారు. ఇది చదివే మిగతావాళ్ల కోసం, ఆ ఫోన్ నంబరు 15100. పెద్దవాళ్ల హెల్ప్‌లైన్ 14567 కూడా ఉంది, వాళ్లు ఓపిగ్గా విన్నారు, పెద్దమ్మతోనే నేరుగా మాట్లాడారు. కోర్టు నుంచి నోటీసు వెళ్లగానే మోటారు తాళం తీసేశారు.

కొత్త విషయం, బిల్డర్ మనిషి ఇప్పుడు డబ్బు ఇస్తాం, ఒప్పందానికి రండి అంటున్నాడు. పెద్దనాన్న "పోదాం రా, ఈ వయసులో కోర్టు గుమ్మం ఎక్కలేను" అంటున్నారు. పెద్దమ్మ కదలనంటోంది. ఆయన చూపించుకునే డాక్టర్ నడిచి వెళ్లేంత దూరంలో ఉన్నాడు, చూపు మందగించినా ఆ సందులో ఏ రాయి ఎక్కడుందో ఆయనకు కాళ్లకే తెలుసు. కొత్త చోట బాత్రూమ్‌కు వెళ్లాలన్నా ఒకరి చెయ్యి పట్టుకోవాలి. నేనేం చెప్పను?

మేడ_మీద_గది

మా అమ్మానాన్నలకు ఇల్లు వెతికిన అనుభవంతో చెప్తున్నాను. ముందు ఇల్లు దొరకాలి, తర్వాతే ఒప్పందం. 75 దాటినవాళ్లంటే చాలామంది ఓనర్లు "ఏదైనా అయితే మాకెందుకు" అని అద్దెకివ్వరు, మొహం మీదే అంటారు. కింది అంతస్తు, ఇంగ్లిష్ టాయిలెట్, డాక్టర్ దగ్గరలో, ఈ మూడూ కలిసి రావడం కష్టం. అగ్రిమెంట్ మీ పేరు మీద రాయించుకుని వాళ్లను ఉంచితే కొందరు ఒప్పుకుంటారు. తర్వాత పింఛను, బ్యాంకు, గ్యాస్, ఆధార్, రేషన్ అన్నిటిలో అడ్రసు మార్చే పని ఉంటుంది. లైఫ్ సర్టిఫికెట్ నవంబరులో ఇచ్చేవాళ్లైతే ఆ నెల దాటాక మారండి.

రిటైర్డ్_గుమాస్తా

ఒప్పందం వీధిలో కాదు, టీకొట్టు దగ్గర కాదు. కేసు ఉండనే ఉంది కదా, లోక్ అదాలత్‌లో రాయించుకోండి. అక్కడి అవార్డు కోర్టు డిక్రీతో సమానం, అప్పీలు ఉండదు, రెండు వైపులా మాట తప్పే వీలు తక్కువ.

కోర్టుమెట్లు

అవును. అవార్డులో ఇవి స్పష్టంగా ఉండాలి: మొత్తం ఎంత, ఏ తేదీన, డీడీనా బ్యాంకు బదిలీనా, ఇద్దరిలో ఎవరి ఖాతాకు. ఎంత గడువు లోపు ఖాళీ చేయాలి, ఆ గడువు వరకు నీళ్లు, కరెంటు ఆగవు అన్న మాట, పాత డిపాజిట్ ఏమైనా ఉంటే అది, సామాను మార్చే ఖర్చు. సగం ముందు, మిగతా సగం తాళం చెవి చేతికిచ్చే నిమిషంలో. "ఖాళీ చేశాక ఇస్తాం" అన్న ఒక్క ముక్క ఉన్నా ఒప్పుకోకండి. గడువు ఆరు నెలల కంటే తక్కువ అడగకండి, ఇల్లు వెతకడానికే అంత పడుతుంది.

ఇంకోటి. ఒప్పందానికి ముందు పెద్దనాన్న గారికి ఏదైనా అయితే కేసు పోతుందేమో అని మీ పెద్దమ్మ భయపడుతూ ఉండవచ్చు. ఆయనతో ఆ ఇంట్లో కలిసి ఉంటున్న భార్య, ఆయన తర్వాత ఈ చట్టం ప్రకారం అద్దెదారే అవుతుంది, హక్కు ఆయనతో పోదు. కాబట్టి ఆమె కదలనంటే ఆ మాటకూ బరువుంది, ఆమెను తీసుకురాకుండా మీరిద్దరే సంతకాలు చేసి రావద్దు. ఇద్దరినీ కూర్చోబెట్టి, ఏ ఇల్లు, ఏ సందు, ఏ డాక్టర్ అన్నది ముందు వాళ్లనే చెప్పనివ్వండి.

నల్లకుంట_నివాసి

సరే మేడమ్. ఆదివారం ఇద్దరినీ ఆటోలో తీసుకెళ్లి విద్యానగర్, బాగ్‌లింగంపల్లి వైపు రెండు మూడు ఇళ్లు చూపిస్తాను. పాత డాక్టర్‌కు అవి మరీ దూరం కావు. ఈలోగా ఈ నెల అద్దె రెంట్ కంట్రోలర్ దగ్గర జమ చేసే పిటిషన్ కూడా వేస్తున్నాం. కింది అంతస్తు ఇల్లు ఆ చుట్టుపక్కల ఎవరికైనా తెలిస్తే ఇక్కడే రాయండి.